చీకట్లో రాన్ కార్టర్‌ని పోల్చుకోవాలంటే: ఐదంగుళాల స్పీకర్ల జతకి డబుల్ బేస్ పరీక్ష

తీర్పు ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. పదివేల నుంచి పదిహేను వేల రూపాయల మధ్య దొరికే ఐదంగుళాల వూఫర్ (కింది శ్రుతులు పలికే కోను) ఉన్న స్పీకర్ల జత, జాజ్‌లో నిలబడి వాయించే నిలువెత్తు వయొలిన్ లాంటి డబుల్ బేస్ వినడానికి పనికొస్తుంది. లోపలే ఆంప్లిఫయర్, వెనక గాలి రంధ్రం, బ్లూటూత్, చిన్న రిమోట్ ఉండే రకం ఇది. అట్టపెట్టెలోంచి తీసి టీవీకి చెరో పక్కా గోడకి ఆనించి వదిలేస్తే మాత్రం పనికిరాదు. దానికి తోడుగా షాపువాళ్లు అంటగట్టే ఎనిమిదంగుళాల సబ్‌వూఫర్ (మరీ కింది శ్రుతుల కోసం పెట్టే విడి డబ్బా), జాజ్ వినేవాళ్లకి చాలా విశాఖ ఇళ్లలో దండగ. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే డబ్బాలు లోపల ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి, తేడా అంతా వాటిని పెట్టే గదిలోనే వస్తుంది.

పరీక్ష ఏమిటంటే, లైటు ఆర్పేసి కూర్చుంటే వాయిస్తున్నది ఏ జాజ్ బేస్ వాద్యకారుడో చెప్పగలగాలి. పాల్ ఛేంబర్సా, రాన్ కార్టరా, చార్లీ హేడెనా? మనూళ్లో 'బేస్ అదిరింది' అంటే గుండెల మీద ఎవరో రోకలితో దంచినట్టుందని అర్థం. జగదాంబ వైపు ఏ షాపులోకి వెళ్లినా స్పీకర్ చూపించడానికి అలాంటి పాటే పెడతారు. ఆ దడదడలో ఏ స్వరమూ ఉండదు. డబుల్ బేస్‌లో ప్రతి దెబ్బకీ ఒక శ్రుతి ఉంటుంది. వేలు తీగని లాగే చప్పుడు, తీగ వదులుకున్న క్షణం, చెక్క పలికే ముక్క, చివర ఊపిరిలా ఆరిపోయే తోక, ఈ నాలుగూ వేర్వేరుగా వినపడితేనే ఆ స్పీకర్ పాసైనట్టు. కాబట్టి కొనేముందు పెన్‌డ్రైవ్‌లో మీ పాటలు మీరే పట్టుకెళ్లండి.

డబుల్ బేస్ నాలుగు తీగల శ్రుతులు, సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే హెర్ట్జ్ లెక్కలో, ఇవి: 'ఇ' 41.2 హెర్ట్జ్, 'ఏ' 55, 'డి' 73.4, 'జి' 98. స్పీకర్ అట్టపెట్టె మీద '50 హెర్ట్జ్ నుంచి' అని రాసుంటుంది. ఆ 50 దగ్గర చప్పుడు ఎన్ని డెసిబెల్స్ పడిపోయిందో మాత్రం రాయరు. నిజాయతీగా పలకడం 65 ప్రాంతంలో మొదలవుతుందనుకుంటే మోసపోరు. అయితే 'ఇ' తీగ మొత్తం పోయినట్టేనా అంటే, కాదు. వయొలిన్ కొలతల్ని శ్రుతికి తగ్గ నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే డబుల్ బేస్ పొట్ట ఒక్కటే 1.7 మీటర్ల పొడవుండాలి. వాయించేవాళ్లు మోసుకెళ్లాలి గనక అది 1.1 మీటర్ల దగ్గరే ఆగింది. అందువల్ల ఆ వాయిద్యమే 41 హెర్ట్జ్‌ని బలహీనంగా పలుకుతుంది. దాని రెట్టింపు 82, ఆ పైన ఉన్న 124 గట్టిగా పలుకుతాయి. వాటిని విని అసలు స్వరాన్ని మన చెవే పూరించుకుంటుంది. ఫోన్ స్పీకర్‌లో కూడా పాట కింది నడక ఎటు పోతోందో పసిగట్టగలగడానికి కారణం ఇదే. ఐదంగుళాల వూఫర్ 82ని బాగానే పలుకుతుంది. అంటే అంకెలు భయపెట్టినంత నష్టం జరగదు.

అసలు శత్రువు గది. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో మామూలు అపార్ట్‌మెంట్ హాలు తీసుకోండి. పొడవు 14 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. చుట్టూ సిమెంటు గోడ, పైన శ్లాబు, కింద నున్నటి టైల్స్. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకి సుమారు 349 మీటర్లు పోతుంది. 14 అడుగుల గోడల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుని నిలబడిపోయే శ్రుతి 41 హెర్ట్జ్, అంటే అచ్చంగా 'ఇ' తీగ. పదడుగుల మధ్య నిలబడేది 57, అంటే 'ఏ' తీగకీ దాని పక్క స్వరానికీ నడుమ. వెడల్పూ ఎత్తూ రెండూ పదే కాబట్టి ఆ ఒక్క చోటే రెండింతల ఊళ వస్తుంది. వాయించేవాడు ఎనిమిది స్వరాలు సమానంగా నడిపిస్తే మీ హాలు అందులో రెండింటిని ఎత్తి చూపిస్తుంది, ఒకదాన్ని మింగేస్తుంది. రే బ్రౌన్ లాంటి గడియారపు మనిషి కూడా తడబడుతున్నట్టు వినిపిస్తాడు. తప్పు ఆయనది కాదు, మేస్త్రీది.

దీనికి మందు ఎక్కువగా జరపడమే. గదికి నట్టనడుమ కుర్చీ వేసుకుంటే 41 దాదాపు మాయమవుతుంది, వెనక గోడకి తల ఆనిస్తే అదే ఉరుముతుంది. 14 అడుగుల హాల్లో వెనక గోడకి సుమారు ఐదడుగుల ముందు కూర్చోండి. స్పీకర్లని మూలల్లోంచి లాగి, వాటి వెనక గోడకి వూఫర్ ముఖం ఒకటిన్నర అడుగు దూరంలో ఉండేలా పెట్టండి. ఇంకా ముందుకి లాగితే ఇంకా మంచిదనుకుంటారు గానీ, మూడడుగులకి జరిపితే గోడని తాకి తిరిగొచ్చే శబ్దం 95 హెర్ట్జ్ దగ్గర ఎదురుపడి కొట్టేసుకుంటుంది. అంటే వేలు నొక్కని ఒట్టి 'జి' తీగ చుట్టుపక్కల స్వరాలు నీరసిస్తాయి. పై శ్రుతులు పలికే చిన్న ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి. బల్ల బోలుగా ఉంటే దాని లోపలి గాలీ పాట పాడుతుంది గనక ఇటుకల మీద గ్రానైట్ ముక్క వేసైనా సరే విడిగా నిలబెట్టండి.

వెనక రంధ్రంలో పాత సాక్సు ఒకటి చుట్టి పెట్టండి. వినడానికి ఇది గ్రామ్య వైద్యంలా ఉంటుంది గానీ, ఈ స్పీకర్లకి ఇంతకు మించిన పైసా ఖర్చు లేని మార్పు లేదు. రంధ్రం ఉన్నప్పుడు పెట్టెలోని గాలి తనకంటూ ఉన్న ఒక శ్రుతి దగ్గర ఊగుతూ, తీగ ఆగిపోయాక కూడా కాసేపు ఊగుతుంది. సాక్సు పెడితే కింది శబ్దం కొంచెం పలచబడుతుంది, కానీ స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. మరీ బిగించకండి, వదులుగా ఉంటే చాలు. గోడకి పరదాలు కట్టడం, దుప్పట్లు వేలాడదీయడం వల్ల ఈ శ్రుతుల్లో ఏమీ ఒరగదు. 41 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, దానికి దుప్పటి లెక్కా? పాత దూది పరుపు చుట్టచుట్టి మూలలో నిలబెడితే 100 హెర్ట్జ్ పైన కాస్త ఉపశమనం ఉంటుంది, అంతే. ఇనప బీరువా, అద్దాల షోకేసు, వంటింటి స్టీలు స్టాండు, దోమల తెర ఫ్రేము, ఇవన్నీ 'ఏ' తీగకి తాళం వేస్తాయి. ముందు వాటి నోరు మూయించండి. లేకపోతే స్పీకరే చిరిగిందని అనుమానిస్తారు.

ఇక మనుషుల సంగతి. మొదట రే బ్రౌన్. 1951 నుంచి పదిహేనేళ్లు ఆస్కార్ పీటర్సన్ పియానో పక్కన నిలబడ్డాడు. ఆ ట్రయో (ముగ్గురి బృందం) 1964లో చేసిన 'వీ గెట్ రిక్వెస్ట్స్' ఆల్బమ్‌లో 'యూ లుక్ గుడ్ టు మీ' వెయ్యండి. మొదట కమానుతో పట్టిన పొడుగు స్వరాలు, పక్కన ట్రయాంగిల్ సన్నగా మోగడం, ఆ తర్వాత వేళ్లతో నడక. ఒకే మనిషి, ఒకే వాయిద్యం, రెండు గొంతులు. సరిగా పెట్టిన స్పీకర్లలో కమాను దగ్గర తీగ మీద రజను (కమానుకి రాసే గుగ్గిలం లాంటి బంక) గీరుకోవడం వినపడాలి, మీటు మొదలయ్యాక ప్రతి స్వరమూ ముందుదాని వీపు తట్టి పంపినట్టుండాలి. సాక్సు లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి వింటే ఆ డబ్బా ఎంత అబద్ధం చెబుతోందో తెలిసిపోతుంది.

పాల్ ఛేంబర్స్ 33 ఏళ్లకే, 1969లో పోయాడు. 1959లో న్యూయార్క్‌లో ఒక పాత చర్చిని స్టూడియోగా మార్చిన చోట రికార్డు చేసిన ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి పాటలో పల్లవి ఎత్తుకునేది ఆయనే. బేస్ ఒక మాటంటుంది, మిగతావాళ్లు రెండు స్వరాల్లో ఊఁ కొడతారు. ఆ పల్లవిలో చాలా స్వరాలు 100 హెర్ట్జ్ పైనే కాబట్టి ఐదంగుళాల వూఫర్‌కి అది పండగ. ఒక హెచ్చరిక. పాత ఎల్పీల్లో, క్యాసెట్లలో ఈ ఆల్బమ్ మొదటి మూడు పాటలు కాస్త హెచ్చు శ్రుతిలో ఉంటాయి, రికార్డు చేసిన టేప్ మిషను కొంచెం నెమ్మదిగా తిరగడం వల్ల. 1992 విడుదల నుంచే అది సరిదిద్దారు. హార్మోనియం పక్కన పెట్టుకుని శ్రుతి చూసుకునే అలవాటున్నవాళ్లు స్పీకర్‌ని తిట్టే ముందు చేతిలో ఉన్నది ఏ ప్రతో చూసుకోండి.

స్కాట్ లఫారో దగ్గర ఈ స్పీకర్లు వాటి ధరకి మించి పనిచేస్తాయి. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ క్లబ్బులో బిల్ ఎవాన్స్ ట్రయో వాయించింది. పదకొండు రోజులకి కారు ప్రమాదంలో లఫారో పోయాడు, వయసు 25. కింద నిలబడి లెక్క పెట్టే పనిని వదిలేసి పియానోతో జుగల్‌బందీకి దిగాడు, ఎక్కువసేపు మెడ కింది భాగంలో, పై స్థాయిలో మాట్లాడతాడు. అక్కడంతా వూఫర్‌కి సుఖమైన చోటే. అయితే ఆ రోజుల స్టీరియోలో బేస్‌నీ పియానోనీ పక్కలకి విడదీసేవారు. అందుకే ఈ రికార్డింగ్‌ని ఒక్క స్పీకర్ మీద, లేదా ఒక్క చెవి బడ్‌తో వింటే సగం సంభాషణే మిగులుతుంది. రెండు స్పీకర్ల చప్పుడూ సమానంగా ఉందో లేదో చూడ్డానికి కూడా ఇదే మంచి పాఠం. వెనక గ్లాసుల గలగల, జనం గుసగుస వినపడాలి. అది నాయిస్ కాదు, ఆ గది. సీలింగ్ ఫ్యాను ఐదు మీద తిరుగుతుంటే మాత్రం ఆ గదిని మర్చిపోండి. బీచ్ రోడ్డు వైపు కిటికీ తెరిచి ఉన్నా అంతే.

రాన్ కార్టర్‌ని పోల్చుకోవడం తేలికే. ఆయన స్వరం నుంచి స్వరానికి జారుతాడు, మన వీణ మీద జారు లాగే. పైగా ఒక్కో స్వరం చాలాసేపు నిలబడుతుంది. 1963 నుంచి 1968 వరకు మైల్స్ డేవిస్ బృందంలో ఉన్నాడు. 2015 సెప్టెంబర్ నాటికి 2,221 రికార్డింగులతో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాడు. ఆ జారుడు మధ్యలో ఎక్కడైనా ఒక చోట ఉబ్బి, ఇంకో చోట పలచబడితే అది మీ గది ఊళే. అంటే ఆయనే మీకు కొలబద్ద. పాట ఆపకుండా కుర్చీ అడుగు ముందుకి, అడుగు వెనక్కి జరుపుకుంటూ వినండి, జారు సాఫీగా వినపడే చోట నేల మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి.

చార్లెస్ మింగస్ తీగని మీటడు, పీకుతాడు. 1957లో వచ్చిన 'ది క్లౌన్' ఆల్బమ్ మొదటి పాట ఒంటరి బేస్‌తోనే మొదలవుతుంది. తీగ వెళ్లి మెడ చెక్కకి కొట్టుకునే చప్పుడు కర్రతో కొట్టినట్టుండాలి. మెత్తగా దిండు మీద గుద్దినట్టుంటే స్పీకర్‌లోనో, ఫోన్‌లోనో 'బాస్ బూస్ట్' ఆన్‌లో ఉందన్నమాట. తీసెయ్యండి. 'లౌడ్‌నెస్', 'సినిమా', '3డి', అన్నీ తీసెయ్యండి.

డెన్మార్క్ మనిషి నీల్స్ హెన్నింగ్ ఆర్స్టెడ్ పీడర్సన్ కుడిచేతి మూడు వేళ్లతో మీటేవాడు, అందుకే ఆ వేగం. ఆయన పరుగులు ముద్దైపోతే సాక్సు గుర్తు చేసుకోండి. డేవ్ హాలండ్‌ని మన జాకిర్ హుస్సేన్ తబలాతో కలిసి వినాలి, సాక్సోఫోన్ క్రిస్ పాటర్‌ది, 'గుడ్ హోప్', 2019. ఇది అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. డగ్గా అరచేత్తో నొక్కి లాగే గుమకీ, బేస్ 'డి' తీగా ఇంచుమించు ఒకే పొలంలో పడతాయి. తోలేదో తీగేదో విడిపోకపోతే స్పీకర్లని గోడ నుంచి మరో అరడుగు లాగి చూడండి. మృదంగం వినడానికి అలవాటు పడిన చెవికి ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. స్లామ్ స్టీవర్ట్‌ది వేరే సరదా. కమానుతో వాయిస్తూ అదే వరసని ఒక స్థాయి పైన తన గొంతుతో పాడతాడు. చిన్న స్పీకర్‌లో గొంతే ముందుకొచ్చి బేస్ దాని నీడలా ఉంటుంది, అదీ బాగానే ఉంటుంది. జిమ్మీ బ్లాంటన్ 1940లో డ్యూక్ ఎలింగ్టన్ పియానోతో చేసిన జంట వాయిద్యాలు విని 'బేస్ లేదే' అని పెదవి విరవకండి. అవి 78 స్పీడు ప్లేట్ల కాలం నాటివి, కింది శ్రుతులు రికార్డులోనే పలచన. 23 ఏళ్లకే క్షయతో పోయిన ఆ కుర్రాడి వేళ్ల చురుకు చూడాలి.

ఈ స్పీకర్లు ఓడిపోయేది చార్లీ హేడెన్ దగ్గర. పై రెండు తీగలు పేగు తీగలు వాడిన మనిషి. వేగం లేదు, గారడీ లేదు, ఒక్కో స్వరాన్ని నేలలో పాతినట్టు పెడతాడు. గిటారిస్టు పాట్ మెథినీతో 1997లో వచ్చిన జంట ఆల్బమ్‌లో ఇద్దరే మనుషులు కాబట్టి దాక్కోవడానికి చోటుండదు. స్వరం తెలుస్తుంది, బరువు తెలియదు. ఆ బరువు కోసమే సబ్‌వూఫర్ కొనాలనిపిస్తుంది.

కొంటే దాన్ని ఇలా కట్టడి చెయ్యండి. క్రాసోవర్ మర (ఏ శ్రుతి నుంచి కిందివి సబ్ పలకాలో తేల్చేది) 80 మీద కాదు, 60 మీద పెట్టండి. అంతకన్నా పైన పెడితే 'ఏ', 'డి' తీగలు మూలలోని డబ్బాలోంచి, 'జి' తీగ ఎదురుగా ఉన్న స్పీకర్లలోంచి వస్తాయి. ఒక్క మనిషి వాయిద్యాన్ని నరికి రెండు చోట్ల పెట్టినట్టుంటుంది. డబ్బా ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి దాన్ని మీరు కూర్చునే కుర్చీ మీద పెట్టి, హేడెన్‌ని వేసి, మీరు గోడల వెంట వంగి తిరగండి. స్వరాలన్నీ సమానంగా వినపడిన చోటే దాని స్థానం. ఫేజ్ స్విచ్ (సబ్ కోను ముందుకీ వెనక్కీ ఊగే వరసని తిరగేసేది) రెండు వైపులా వేసి 'ఏ' తీగ నిండుగా ఉన్న వైపు ఉంచండి. వాల్యూమ్ పెంచుకుంటూ పోయి, సబ్ ఉందని తెలిసిన క్షణం నుంచి కొంచెం వెనక్కి తిప్పండి. దాన్ని ఆపేసినప్పుడు మాత్రమే లోటు తెలియాలి. కింద మందపాటి రబ్బరు వెయ్యకపోతే శ్లాబు ద్వారా కింది వాటాలోవాళ్లు కూడా హేడెన్ అభిమానులు కావలసి వస్తుంది.

సబ్ పెట్టగానే ఒక గొడవ. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిలేకపోతే ఆ 50 సన్నని మూలుగులా వస్తుంది. 'ఇ' తీగ మీద మూడో స్వరం 49, కరెంటు మూలుగు 50. దాని రెట్టింపు 100, ఒట్టి 'జి' తీగ 98. అంటే ఎవరూ అడగని శ్రుతిపెట్టె, అదీ అపశ్రుతిలో, పాటంతా మోగుతూనే ఉంటుంది. టీవీ, స్పీకర్లు, సబ్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే చాలాసార్లు పోతుంది. పోకపోతే టీవీ కేబుల్ పీకి చూడండి. మూడో పిన్ను విరగ్గొట్టే చిట్కా ఎవరైనా చెబితే వినకండి, షాక్ కొడుతుంది.

ఉప్పుగాలి సంగతి విడిగా చెప్పాలి. సముద్రానికి కిలోమీటరు లోపు ఇళ్లలో రాగి తీగ కొసలు ఆకుపచ్చ చిలుము పడతాయి, ఒక పక్క స్పీకర్ గొంతు మెల్లగా మూగబోతుంది. ఆర్నెల్లకోసారి అరంగుళం కత్తిరించి కొత్త రాగి తేల్చి బిగించండి, లేదా బంగారు పూత బనానా ప్లగ్గులు వేయించండి. వూఫర్ అంచు రబ్బరుదే కొనండి. ఫోము అంచు ఈ తేమలో కొన్నేళ్లకే పొడిపొడిగా రాలుతుంది. పెట్టెలు ఎండీఎఫ్‌వి (చెక్కపొడి నొక్కి చేసిన పలక), తడి తగిలితే ఉబ్బి స్క్రూలు వదులవుతాయి. రోజూ తడిగుడ్డ పెట్టే నేల మీద సబ్‌వూఫర్‌ని నేరుగా పెడితే ముందు చెడేది దాని అడుగు అంచే. రెండంగుళాల ఎత్తున ఏదైనా వెయ్యండి.

ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు లోపలే ఒక పని చేసుకోండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 40 నుంచి 200 హెర్ట్జ్ వరకు మెల్లగా ఎక్కించండి, ముందు ఎడమ స్పీకర్, తర్వాత కుడి. బీరువా తలుపుల్ని ఎవరినైనా పట్టుకోమనండి. అప్పుడు కూడా గరగర వస్తే అది స్పీకర్‌దే, తిప్పి పంపేయండి. 60 దాటాక రెండు స్పీకర్ల గొంతులో తేడా ఉన్నా అంతే. 45 కింద బరువుగా ఊగి చప్పుడు రాకపోతే మాత్రం పంపకండి, ఈ ధరలో అన్నీ అంతే. వాల్యూమ్ తగ్గించండి, అక్కడ వూఫర్‌ని పట్టి ఆపేది ఏదీ ఉండదు, దాని లోపలి తీగచుట్ట దెబ్బతింటుంది.